షుగర్ ఖాతాలో పడిపోయిన రక్తహీనత: టైప్ 2 మధుమేహంలో పెద్దపేగు క్యాన్సర్ – ఒక కేస్ స్టడీ

ఇది ఏ ఒక్కరి రికార్డూ కాదు. మధుమేహం ఉన్నవాళ్ళలో పెద్దపేగు క్యాన్సర్ ఆలస్యంగా బయటపడే తీరులో మళ్ళీమళ్ళీ ఎదురయ్యే విషయాలను ఒకే రోగి చుట్టూ కూర్చిన బోధన కేసు. జనరల్ ప్రాక్టీస్‌లో, డయాబెటిస్ క్లినిక్‌లలో పనిచేసేవాళ్ళను దృష్టిలో పెట్టుకుని రాసింది.

రోగి, మందుల చీటీ

57 ఏళ్ళ గృహిణి. టైప్ 2 మధుమేహం వచ్చి 11 ఏళ్ళు. నెలసరి ఆగిపోయి ఎనిమిదేళ్ళు. ఎత్తు 152 సెం.మీ.; ఏడాది కిందట 71 కిలోలు, ఇప్పుడు 65. మెట్‌ఫార్మిన్ 1 గ్రాము రెండు పూటలా, గ్లిమెపిరైడ్ 2 మి.గ్రా., డాపాగ్లిఫ్లోజిన్ 10 మి.గ్రా. (ఈ మూడూ షుగర్‌కు), టెల్మిసార్టాన్ 40 (బీపీకి), ఆస్పిరిన్ 75, పాంటోప్రజోల్ 40 వాడుతున్నారు. ఈ చివరి మాత్ర ఎవరు, ఎందుకు మొదలుపెట్టారో పాత చీటీలు ఎంత తిరగేసినా దొరకదు. గ్యాస్ మాత్ర పేరుతో ఏళ్ళ తరబడి సాగిపోతూ ఉంటుంది.

చెప్పుకున్న బాధలు: నీరసం, మెట్లు ఎక్కితే ఆయాసం, "ఆ షుగర్ మాత్ర వేసుకున్నాక రెండు మూడుసార్లు వెళ్ళాల్సి వస్తోందండీ" అనే మాట. మలంలో రక్తం ఎప్పుడూ కనిపించలేదు. కడుపునొప్పి లేదు.

ఈ కేసులో అసలు చిక్కు ఇక్కడే ఉంది. లక్షణాలు లేకపోవడం కాదు, ప్రతి లక్షణానికీ మధుమేహం నుంచి ఒక సంజాయిషీ ముందే తయారుగా ఉండటం. విరేచనాలకు మెట్‌ఫార్మిన్. బరువు తగ్గడానికి డాపాగ్లిఫ్లోజిన్. నీరసానికి షుగరు. రక్తహీనతకు "కిడ్నీ కొంచెం దెబ్బతింది". వీటిలో ఏదీ అసాధ్యం కాదు, అందుకే ఎవరూ ఆగి చూడరు. కానీ మెట్‌ఫార్మిన్ విరేచనాలు సాధారణంగా మందు మొదలుపెట్టినప్పుడో, మోతాదు పెంచినప్పుడో వస్తాయి. తొమ్మిదేళ్ళు అదే మోతాదు పడినవాళ్ళకు పదో ఏట కొత్తగా మొదలైతే కారణం వేరే వెతకాలి. డాపాగ్లిఫ్లోజిన్‌తో తగ్గే బరువు మామూలుగా రెండు మూడు కిలోలు, అదీ మొదటి ఆర్నెల్లలోనే. ఆ తర్వాత నిలబడిపోతుంది. ఇక క్రియాటినిన్ 1.1, ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీ వడపోత వేగం) 58 ఉన్న మూత్రపిండాలు హిమోగ్లోబిన్‌ను 8.6కి దించలేవు. కిడ్నీ వల్ల అంత లోతైన రక్తహీనత సాధారణంగా ఈజీఎఫ్‌ఆర్ 30 కిందికి పడ్డాకే కనిపిస్తుంది.

రక్తపరీక్ష చెప్పింది, చెప్పనిది

హిమోగ్లోబిన్ 8.6, ఎంసీవీ (ఎర్రకణం సగటు పరిమాణం) 84, ఆర్‌డీడబ్ల్యూ (కణాల పరిమాణాల్లో తేడా) 19.4. ఎంసీవీ మామూలుగా ఉంది కాబట్టి ఐరన్ లోపం కాదనుకుని, "దీర్ఘకాల జబ్బు వల్ల" అని రాసేయడం చాలా తేలిక. ఈవిడకు ఫెరిటిన్ (ఐరన్ నిల్వ) 11 నానోగ్రాములు, ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ (రక్తంలో ఐరన్ మోసే ప్రొటీన్ ఎంత నిండిందో) 7 శాతం, బి12 148 పీకోగ్రాములు. అంటే రెండు లోపాలూ కలిసి ఉన్నాయి. ఐరన్ లోపం కణాన్ని చిన్నది చేస్తుంది, బి12 లోపం పెద్దది చేస్తుంది, సగటు మధ్యలో తేలుతుంది. ఆ మోసాన్ని పట్టించేది ఆర్‌డీడబ్ల్యూ. మెట్‌ఫార్మిన్, పాంటోప్రజోల్ రెండూ ఏళ్ళుగా పడుతున్న మనిషిలో బి12 తగ్గడం మామూలే. పాంటోప్రజోల్ ఐరన్ శోషణను కూడా తగ్గిస్తుంది. కాబట్టి మధుమేహం ఉన్నవాళ్ళలో ఎంసీవీని ఒంటరిగా నమ్మకూడదు. హిమోగ్లోబిన్ తగ్గితే ఫెరిటిన్, ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్, బి12 మూడూ ఒకేసారి పంపాలి. సీఆర్‌పీ (ఒంట్లో వాపును చూపే రక్తపరీక్ష) ఎక్కువగా ఉంటే ఫెరిటిన్ 60, 80 ఉన్నా ఐరన్ లోపాన్ని కొట్టేయకూడదు. అప్పుడు శాచురేషన్ 20 శాతం కిందికి పడిందా అన్నది చూడాలి.

ఇప్పుడు వెనక్కి వెళ్ళి హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చూపే పరీక్ష) చూద్దాం. ఎనిమిది నెలల కిందట హిమోగ్లోబిన్ 9.8, హెచ్‌బీఏ1సీ 8.1. అదే కాలంలో ఇంట్లో గ్లూకోమీటర్ రీడింగుల సగటు 152. హెచ్‌బీఏ1సీ 8.1 అంటే సగటు గ్లూకోజు 186 దగ్గర ఉండాలి. 152కి రావలసింది 6.9. రెండింటికీ పొంతన లేదు. "మీటర్ సరిగ్గా లేదేమో, లేదా అన్నం తిన్నాక చూసుకోవట్లేదేమో" అనుకుని గ్లిమెపిరైడ్ 1 నుంచి 2 మి.గ్రా.కి పెంచారు. ఉదయం 11 గంటలకు చెమటలు, వణుకు మొదలయ్యాయి. తర్వాత రెండు నెలలు ఐరన్ మాత్రలు వాడితే హిమోగ్లోబిన్ 10.6కి పెరిగింది, హెచ్‌బీఏ1సీ 7.0కి దిగింది. కంట్రోల్ బాగుందని అందరూ సంతోషించి ఐరన్ ఆపేశారు. మూడు నెలల్లో హిమోగ్లోబిన్ 8.6.

ఐరన్ లోపంలో కొత్త ఎర్రకణాలు సరిగా తయారు కావు, పాతవి ఎక్కువకాలం తిరుగుతూ ఉంటాయి. అవి చక్కెరను ఎక్కువ రోజులు అంటించుకుంటాయి కాబట్టి హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. ఐరన్ ఇవ్వగానే కొత్త కణాలు వచ్చిపడి అది తగ్గుతుంది. అంటే ఇక్కడ 8.1 నుంచి 7.0కి దిగిన దాంట్లో చాలా భాగం షుగర్ తగ్గడం వల్ల వచ్చింది కాదు. రక్తం ఎక్కిస్తే, లేదా ఒక్కసారిగా ఎక్కువ రక్తం పోతే, లెక్క అటువైపు తిరిగి విలువ తప్పుగా తక్కువ వస్తుంది. మీటరుకూ హెచ్‌బీఏ1సీకీ పొంతన లేనప్పుడు మందు మోతాదు మార్చే ముందు సీబీసీ (రక్తకణాల లెక్క) చూడాలి. ఆ కొద్దిపాటి పరీక్షతో ఎనిమిది నెలలు కలిసొచ్చేవి.

ఐరన్ ఇస్తే పెరిగి, ఆపితే పడిపోయే హిమోగ్లోబిన్ అంటే ఎక్కడో రక్తం కారుతూనే ఉందని అర్థం. నెలసరి ఆగిన స్త్రీలోనూ, ఏ వయసు పురుషుడిలోనూ ఐరన్ లోపం తేలితే పైనుంచీ కిందనుంచీ రెండు ఎండోస్కోపీలూ చేయాలి. ఆస్పిరిన్ వాడుతున్నారు కదా అని సరిపెట్టుకోకూడదు. ఆస్పిరిన్ చాలాసార్లు ముందే ఉన్న పుండునో గడ్డనో కారేలా చేస్తుంది. ఈవిడకు పై ఎండోస్కోపీలో తేలికపాటి గ్యాస్ట్రైటిస్ కనిపించింది. చాలా కేసులు ఇక్కడే ఆగిపోతాయి. మన దగ్గర ఎవరికి ఎండోస్కోపీ చేసినా రిపోర్టులో ఆ మాట లేకుండా రావడమే అరుదు, హిమోగ్లోబిన్ 8.6కి అది కారణం కాదు.

మొదటి కొలనోస్కోపీ ఎందుకు పాడైంది

కింది ఎండోస్కోపీ, అంటే కొలనోస్కోపీ, రిపోర్టులో "కనిపించినంత మేరకు లీజన్ (గడ్డ, పుండు వంటిది) లేదు" అని ఉంది. కుడివైపు పేగుకు బోస్టన్ స్కోరు (పేగు ఎంత శుభ్రంగా ఉందో 0 నుంచి 3 దాకా చెప్పే అంకె) 1. సీకమ్ (పెద్దపేగు మొదలు) చేరారు గానీ అక్కడ పచ్చటి ముద్ద తప్ప గోడ కనిపించలేదు. ఒక్క విభాగం స్కోరు 2 కంటే తక్కువ ఉన్నా ఆ పరీక్షను నార్మల్ కింద జమ కట్టకూడదు. చప్పుడు లేకుండా రక్తం కార్చే గడ్డలు ఎక్కువగా ఉండేది సరిగ్గా ఆ కుడివైపే.

పేగు శుభ్రం కాకపోవడానికి కారణాలు వెతికితే అన్నీ మామూలువే. ముందు రోజు కూడా డయాబెటిక్ డైట్ మానలేదు: పొద్దున రాగి జావ, మధ్యాహ్నం తోటకూర పప్పు, సాయంత్రం జామకాయ. మళ్ళీ మొదలుపెట్టిన ఐరన్ మాత్రను ఆపమని ఎవరూ చెప్పలేదు. దాని వల్ల మలం తారులా గోడకు అంటుకుంటుంది. పీఈజీ (పేగు కడిగే మందు) పొడి ఒకే ప్యాకెట్, రెండు లీటర్లు, అంతా ముందు సాయంత్రమే తాగించారు, అందులో మూడోవంతు వాంతి అయింది. ఏళ్ళ మధుమేహంలో జీర్ణాశయం, పేగు రెండూ నెమ్మదిగా కదులుతాయి. ఇతరులకు సరిపోయిన మోతాదు వీళ్ళకు సరిపోదు. పైగా పరగడుపున గ్లిమెపిరైడ్ వేసుకోవడంతో తొమ్మిదిన్నరకు షుగర్ 54. ఆ గాభరాలో పరీక్ష కూడా త్వరగా ముగించారు.

పది రోజుల తర్వాత రెండోసారి ఇలా చేశాం.

ఐరన్ మాత్ర 7 రోజుల ముందు బంద్. డాపాగ్లిఫ్లోజిన్ 3 రోజుల ముందు బంద్. ఇది వాడుతూ ఉపవాసం ఉంటే షుగర్ 160 దగ్గర ఉన్నా కీటోన్లు పెరిగి, వాంతులు, ఆయాసంతో ఎమర్జెన్సీకి రావచ్చు. గ్లూకోమీటర్ మామూలుగా ఉంది కదా అని ఆ వాంతుల్ని పీఈజీ మీదికి నెట్టేస్తారు. మూడు రోజులు పీచు లేని తిండి: తెల్ల అన్నం, ఇడ్లీ, కూరగాయల్లేని రవ్వ ఉప్మా, సగ్గుబియ్యం జావ, గుడ్డు, చేప. ఆకుకూరలు, బెండ, వంకాయ, టమాటా, చిరుధాన్యాలు, పొట్టుపప్పులు, నువ్వులు వద్దు. తాలింపులో ఆవాలు, జీలకర్ర కూడా వద్దు. ఆ గింజలు స్కోపు సక్షన్ దారిలో ఇరుక్కుంటే పరీక్ష మధ్యలో పని ఆగిపోతుంది. పదేళ్ళుగా "తెల్ల అన్నం తగ్గించండి, రాగులు తినండి" అని విన్న మనిషికి మూడు రోజులు సరిగ్గా తలకిందులుగా తినమంటే నమ్మరు. కాగితం మీద రాసి, ఇంట్లో వంట చేసేవాళ్ళకే వివరంగా చెప్పాలి.

రెండు రాత్రులు బైసాకోడిల్ (విరేచనం మాత్ర) 10 మి.గ్రా. పరీక్ష ఉదయం 11కి. ముందు సాయంత్రం ఆరింటికి 137 గ్రాముల పీఈజీ ప్యాకెట్ ఒకటి రెండు లీటర్ల నీళ్ళలో కలిపి, అరగంట ముందు వాంతి ఆపే మెటోక్లోప్రమైడ్ 10 మి.గ్రా. ఇచ్చి, 250 మి.లీ. గ్లాసు పావుగంటకొకటి చొప్పున తాగించాలి. వికారం వస్తే ఆపేయకుండా గ్లాసుకూ గ్లాసుకూ మధ్య సమయం పెంచాలి. రెండో ప్యాకెట్ తెల్లవారుజామున అయిదింటికి మొదలుపెట్టి ఎనిమిదిలోపు ముగించాలి. కుడి పేగు శుభ్రమయ్యేది ఈ రెండో విడతతోనే. రాత్రంతా చిన్నపేగు నుంచి దిగే పసరు (పైత్యరసం) అక్కడే పేరుకుంటుంది. ముందు రోజే మొత్తం తాగేస్తే దాన్ని కడిగేది ఏమీ ఉండదు. సోడియం ఫాస్ఫేట్ ద్రావణం ఈజీఎఫ్‌ఆర్ తక్కువగా ఉండి, టెల్మిసార్టాన్ కూడా వాడేవాళ్ళకు ఇవ్వకూడదు, కిడ్నీ దెబ్బతింటుంది.

ద్రవాహారం రోజు గ్లిమెపిరైడ్ పూర్తిగా మానాలి. మెట్‌ఫార్మిన్ పరీక్ష ఉదయం మానాలి. ఇన్సులిన్ వాడేవాళ్ళయితే గ్లార్జిన్ (రోజంతా పనిచేసే ఇన్సులిన్) 20 నుంచి 25 శాతం తగ్గించి, 30/70 మిక్స్ అయితే సగానికి దించి ఇస్తాం. నాలుగు గంటలకోసారి షుగర్ చూడాలి. ఆ రోజు లక్ష్యం 100 కాదు. 140, 180 మధ్య ఉన్నా ఏ నష్టమూ లేదు. కొబ్బరి నీళ్ళు, వడకట్టిన నిమ్మరసం, పాలు లేని టీ, ఓఆర్‌ఎస్ ఇవ్వొచ్చు. ఎర్ర రంగు పానీయాలు వద్దు, లోపల రక్తంలా కనిపిస్తాయి. 70 కిందికి పడితే నీళ్ళలో 15 గ్రాముల గ్లూకోజు, అంటే మూడు చెంచాలు, పావుగంటలో మళ్ళీ పరీక్ష. "షుగర్ పేషెంటుకి గ్లూకోజా?" అని ఇంట్లోవాళ్ళు చెయ్యి పట్టుకుని ఆపుతారు. ఈ ఒక్క విషయం ముందే చెప్పి ఉంచాలి.

ఈసారి కుడి, మధ్య, ఎడమ విభాగాల స్కోరు 2, 3, 3. ఆరోహణ (కుడివైపు) పేగులో, హెపాటిక్ ఫ్లెక్సర్ అనే మలుపుకు కొంచెం కింద, సుమారు 4 సెం.మీ. పుండు పడిన గడ్డ, స్కోపు తగలగానే రక్తం చిమ్మింది. అంచుల నుంచి ఎనిమిది బయాప్సీలు తీశారు. సిగ్మాయిడ్‌లో 8 మి.మీ. పాలిప్ ఒకటి ఉంటే కోల్డ్ స్నేర్ (తీగ ఉచ్చు)తో తీసేశారు. బయాప్సీ: మధ్యస్థ డిఫరెన్షియేషన్ ఉన్న అడినోకార్సినోమా (గ్రంథి కణాల క్యాన్సర్). ఛాతీ, కడుపు, కటి సీటీలో వేరేచోట వ్యాపించిన గుర్తులు లేవు. సీఈఏ (రక్తంలో చూసే క్యాన్సర్ గుర్తు) 7.2, షుగర్ అదుపులో లేనప్పుడు, పొగతాగేవాళ్ళలో కూడా ఇది కొంచెం పెరుగుతుంది. కనుక సర్జరీకి ముందు ఆధార విలువగా తప్ప, క్యాన్సర్ ఉందా లేదా అని తేల్చడానికి ఇది పనికిరాదు.

"ఇన్సులిన్ పెడితే గడ్డ పెరగదా సార్?"

ఆపరేషన్ రోజుల్లో ఇన్సులిన్ తప్పదని చెప్పగానే కొడుకు వేసిన ప్రశ్న ఇది. నెట్‌లో చదివి వచ్చిన ప్రశ్నే అయినా అడగదగ్గదే, ఎందుకంటే మధుమేహానికీ పెద్దపేగు క్యాన్సర్‌కూ మధ్య ఉన్న ముడిలో ఇన్సులిన్ ప్రధాన పాత్రధారి. టైప్ 2 మొదలవడానికి చాలా ఏళ్ళ ముందు నుంచే శరీరం ఇన్సులిన్‌కు మొండికేస్తుంది, క్లోమం దాన్ని మామూలు కంటే ఎక్కువగా చిమ్ముతూ ఉంటుంది. ఎక్కువైన ఇన్సులిన్, ఐజీఎఫ్-1 (ఎదుగుదల హార్మోను)ను కట్టిపెట్టే ప్రొటీన్లను తగ్గించి, విడి ఐజీఎఫ్-1ను పెంచుతుంది. రెండూ పేగు పొర కణాలను విభజించుకోమని, చావు వాయిదా వేయమని పురమాయిస్తాయి. దీనికి పొట్ట కొవ్వు నుంచి వచ్చే వాపు, నెమ్మదించిన పేగు కదలిక తోడవుతాయి. కుర్చీ ఉద్యోగం, అధిక బరువు, మద్యం రెండు జబ్బులకూ ఉమ్మడి కారణాలు. అన్నీ కలిపి చూస్తే టైప్ 2 ఉన్నవాళ్ళలో పెద్దపేగు క్యాన్సర్ ముప్పు లేనివాళ్ళతో పోలిస్తే దాదాపు 1.3 రెట్లు. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్, అమెరికన్ క్యాన్సర్ సొసైటీ 2010లోనే ఈ సంబంధంపై ఉమ్మడి ప్రకటన వెలువరించాయి.

ఇక ఇంజెక్షన్ సంగతి. 12 వేల మందికి పైగా పాల్గొన్న ఆరిజిన్ ట్రయల్ 2012లో వెలువడింది. ఆరేళ్ళకు పైబడి గ్లార్జిన్ వాడినవాళ్ళలో క్యాన్సర్లు పెరగలేదు. ఆపరేషన్ సమయంలో షుగర్ 250, 300 ఉంటే పేగు కుట్టు సరిగా అతకకపోవడం, గాయం చీము పట్టడం మాత్రం ఖాయంగా పెరిగే ముప్పులు. ఆ కుటుంబానికి చెప్పింది ఇంతే.

1.3 రెట్లను ఎలా అర్థం చేసుకోవాలో కూడా చెప్పుకోవాలి. 2023లో వెలువడిన ఐసీఎంఆర్–ఇండియాబ్ అంచనా ప్రకారం దేశంలో మధుమేహం ఉన్నవాళ్ళు 10.1 కోట్లు. మన దగ్గర పెద్దపేగు క్యాన్సర్ రేటు పాశ్చాత్య దేశాల కంటే తక్కువ. ప్రభుత్వ స్క్రీనింగ్ కార్యక్రమంలో ఉన్నవి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లే. అందరికీ కొలనోస్కోపీ అనడం అర్థం లేని మాట, అందుకు సరిపడా స్కోపులూ లేవు. 45, 50 ఏళ్ళు దాటిన మధుమేహ రోగికి ఏడాదికోసారి ఫిట్ (మలంలో కంటికి కనపడని రక్తాన్ని పట్టే) పరీక్ష సూచించడం చేయదగ్గ పని. దానికి ఐరన్ మాత్రలు అడ్డురావు, ముందు పథ్యం అక్కర్లేదు. కానీ ఐరన్ లోపం ఒకసారి తేలాక, ఫిట్ నెగెటివ్ వచ్చిందని ఈ వయసులో స్కోపు మానకూడదు. మెట్‌ఫార్మిన్ పాలిప్‌లను తగ్గిస్తుందనడానికి 2016లో వచ్చిన ఒక జపాన్ ట్రయల్ ఆధారం ఉంది. అయినా షుగర్ కోసం కాక క్యాన్సర్ రాకుండా ఎవరికీ రాయడం లేదు.

ఆపరేషన్, కీమో: షుగర్ అడ్డుపడే చోట్లు

ఐరన్ లోటు 1500 మి.గ్రా.గా లెక్కగట్టి ఫెరిక్ కార్బాక్సీమాల్టోజ్ 1000, వారం తర్వాత 500 నరంలో ఇచ్చారు. బి12 1000 మైక్రోగ్రాముల ఇంజెక్షన్లు. మూడు వారాల్లో హిమోగ్లోబిన్ 10.9కి వచ్చింది, రక్తం ఎక్కించకుండానే ల్యాప్రోస్కోపిక్ రైట్ హెమికొలెక్టమీ (పెద్దపేగు కుడిభాగం తీసే ఆపరేషన్) అయింది. హెచ్‌బీఏ1సీ 8 దాటిందని క్యాన్సర్ సర్జరీని నెలల తరబడి వాయిదా వేయడం సరికాదు. పైగా ఈ రోగిలో ఆ అంకె నమ్మదగ్గది కానే కాదు. మీటర్ రీడింగులతోనే నిర్ణయించాం. సర్జరీ చుట్టూ లక్ష్యం 140 నుంచి 180.

ఆపరేషన్ తర్వాత రెండు రోజులు బాగున్న షుగర్ నాలుగో రోజు కారణం లేకుండా 260కి ఎగబాకితే ఇన్సులిన్ పెంచి ఊరుకోకూడదు. నాడి వేగం, పొట్ట ఉబ్బరం, సీఆర్‌పీ చూడాలి. మూడో రోజు దాటాక సీఆర్‌పీ 150 పైన ఉంటే కుట్టు దగ్గర లీక్ లేదని తేల్చుకునేదాకా డిశ్చార్జి మాట ఎత్తకూడదు. ఈవిడకు అలాంటిదేమీ రాలేదు.

పాథాలజీ: టీ3 (గడ్డ పేగు కండర పొర దాటింది), 18 లింఫ్ గ్రంథుల్లో ఒకదానిలో క్యాన్సర్, అంటే ఎన్1ఏ, మూడో దశ. మిస్‌మ్యాచ్ రిపేర్ ప్రొటీన్లు (డీఎన్‌ఏ తప్పులు సరిదిద్దేవి) నాలుగూ ఉన్నాయి. తక్కువ ముప్పు ఉన్న మూడో దశకు, 2018లో వచ్చిన ఐడియా విశ్లేషణ ఆధారంగా, కేపాక్స్ (ఆక్సాలిప్లాటిన్, కేపసిటబిన్ కలిసిన కీమో) మూడు నెలలు చాలు. మధుమేహ రోగికి ఇది ఎంతో మేలు, ఎందుకంటే ఆక్సాలిప్లాటిన్ నరాల దెబ్బ మొత్తం మోతాదుతో పాటు పెరుగుతుంది. మొదటి సైకిల్‌కు ముందే 10 గ్రాముల మోనోఫిలమెంట్ (స్పర్శ చూసే నైలాన్ పోగు), 128 హెర్ట్‌జ్ ట్యూనింగ్ ఫోర్క్‌తో పాదాలు పరీక్షించి రాసిపెట్టాలి. లేకపోతే తర్వాత వచ్చిన తిమ్మిరి షుగర్‌దో, మందుదో, బి12దో ఎవరూ తేల్చలేరు.

శరీర వైశాల్యం 1.64 చదరపు మీటర్లు. ఆక్సాలిప్లాటిన్ చదరపు మీటరుకు 130 మి.గ్రా. లెక్కన 213 మి.గ్రా.; కేపసిటబిన్ 500 మి.గ్రా. మాత్రలు మూడేసి చొప్పున రెండు పూటలా 14 రోజులు. 21 రోజులకో సైకిల్, మొత్తం నాలుగు. క్రియాటినిన్ క్లియరెన్స్ 57 కాబట్టి మోతాదు తగ్గించలేదు. 50 కిందికి పడితే కేపసిటబిన్ ముప్పావుకు దించాలి.

వాంతులకు ఇచ్చే డెక్సామెథసోన్ (స్టెరాయిడ్)తో పరగడుపు షుగర్ 130 ఉండి, మధ్యాహ్నం భోజనం తర్వాత 330 అవుతుంది. పరగడుపు రీడింగ్ మాత్రమే చూసేవాళ్ళకు ఇది కనిపించదు. కనిపించినవాళ్ళు రాత్రి గ్లార్జిన్ పెంచుతారు, తెల్లవారుజామున పడిపోతుంది. డెక్సా ఇచ్చిన రోజుల్లో ఉదయం ఎన్‌పీహెచ్ (మధ్యకాలం పనిచేసే) ఇన్సులిన్ చేర్చితే ఎక్కే వేళకు సరిగ్గా సరిపోతుంది.

కేపసిటబిన్‌తో విరేచనాలు రోజూ మామూలు కంటే నాలుగు ఎక్కువైతే మెట్‌ఫార్మిన్, టెల్మిసార్టాన్ రెండూ ఆగిపోవాలి, ఆ విషయం రోగి దగ్గర రాతలో ఉండాలి. డాపాగ్లిఫ్లోజిన్ కీమో అయ్యేదాకా తిరిగి మొదలుపెట్టలేదు. అరచేతులు, అరికాళ్ళు ఎర్రబడి పగలడం స్పర్శ తగ్గిన పాదాలకు పుండు కింద మారుతుంది: ఇంట్లో కూడా మెత్తటి చెప్పులు, వేడినీళ్ళు వద్దు, పొద్దునా రాత్రీ యూరియా క్రీమ్. ఢిల్లీ ఎయిమ్స్ ట్రయల్‌లో 1 శాతం డైక్లోఫినాక్ జెల్ రాసినవాళ్ళలో ఇబ్బందిపెట్టే స్థాయి హ్యాండ్–ఫుట్ సిండ్రోమ్ 15 శాతం నుంచి 3.8 శాతానికి తగ్గింది. ఖర్చు తక్కువ, ఏ ఊళ్ళోనైనా దొరుకుతుంది.

ఇకపై

మొదటి రెండు మూడేళ్ళు మూడు నుంచి ఆరు నెలలకోసారి సీఈఏ, సీటీ ఆరు నెలల నుంచి ఏడాదికోసారి, కొలనోస్కోపీ ఏడాదికి, ఆ తర్వాత మూడేళ్ళకు. ప్రతిసారీ పైన రాసిన తయారీ కాగితమే. ఐరన్ నిల్వలు కుదుటపడి, నాలుగు నెలలు హిమోగ్లోబిన్ నిలకడగా ఉండేదాకా హెచ్‌బీఏ1సీని పక్కన పెట్టి, మీటర్ సగటుతోనో, 14 రోజుల సీజీఎం (ఒంటికి అంటించే గ్లూకోజు సెన్సర్)తోనో మందులు సర్దాలి. పాంటోప్రజోల్ ఆపేశాం. ఆస్పిరిన్‌కు గుండె కారణమేదీ లేదని తేలింది కాబట్టి షుగర్ పేరున అది తిరిగి మొదలుపెట్టలేదు.

60 ఏళ్ళలోపు బయటపడిన కేసు కనుక తోబుట్టువులకూ పిల్లలకూ 40 ఏళ్ళకల్లా మొదటి కొలనోస్కోపీ, ఆపై అయిదేళ్ళకోసారి. తమ్ముడికి 52, ఆయనకూ షుగరే. మొలలని మూడేళ్ళుగా ఆయింట్‌మెంట్ రాసుకుంటున్నారట. ఆయన సీబీసీ, ఫెరిటిన్ అదే వారం పంపించి, స్కోపుకు తేదీ ఇచ్చాం.